పన్ను తన గాయాన్ని తానే మాన్పుకోగలదా?

చర్మం తెగితే నాలుగు రోజులలో చెక్కు కట్టి మానుతుంది. ఎముక విరిగితే కట్టు కట్టిన కొన్ని వారాలకు అతుకుతుంది. మరి పన్నుకు రంధ్రం పడితే? “పుచ్చిన పన్ను మళ్లీ బాగుపడేదా పాడా! పీకించి పారేస్తే పీడ విరగడవుతుంది” అని మన ఇళ్లలో పెద్దలు తేల్చి చెప్పడం పరిపాటి. మరికొందరు ఇందుకు పూర్తి విరుద్ధంగా, ఫలానా పొడితో తోమితే పోయిన పన్ను తిరిగి పూడుకొని వస్తుందని ప్రచారం చేస్తుంటారు. ఈ రెండు మాటలలోనూ పూర్ణ సత్యం లేదు.

పన్ను పైపొర పోతే తిరిగి రాదు. కాని లోపలి పొరకు తనను తాను కాపాడుకొనే శక్తి ఉన్నది. ఆ శక్తి ఎక్కడ దాగి ఉన్నది, ఎప్పుడు మేల్కొంటుంది, మన చేతలలో ఏవి దానికి తోడ్పడతాయి, ఏవి దానిని చంపివేస్తాయి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను. వీటిని ఎరిగిన గృహస్థు సకాలంలో పన్నును నిలుపుకోగలుగుతాడు.

దంతం నిర్జీవమైన రాయి కాదు

సుశ్రుతాచార్యులు అస్థులను ఐదు విధాలుగా విభజించి, దంతాలను ‘రుచకాస్థులు’ అన్నారు. శార్ఙ్గధరుడు దంతాన్ని అస్థిధాతువుకు ఉపధాతువుగా పేర్కొన్నాడు. అనగా మన శాస్త్రం దంతాన్ని ఎముకకు బంధువుగానే చూసింది. ఈ బంధుత్వాన్ని ఆధునిక శాస్త్రం కూడా అంగీకరిస్తుంది.

పన్నును నిలువునా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పైన మెరిసేది పింగాణీ పొర. ఇందులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. శరీరంలో ఇంతకు మించిన గట్టి పదార్థం లేదు. అయితే ఈ పొరను నిర్మించిన కణాలు పన్ను చిగురు దాటి బయటకు రాగానే నశిస్తాయి. మేస్త్రీలు వెళ్లిపోయిన తరువాత గోడ కూలితే మళ్లీ కట్టేవారు ఎవరు? అందుచేతనే పింగాణీ పొర తిరిగి పెరగదు. లాలాజలంలోని ఖనిజాలు తొలి దశలోని తెల్లమచ్చను గట్టిపరచగలవు కాని, పడిన గుంటను పూడ్చలేవు.

దాని కింద లేత పసుపు రంగులో ఉండే పొర డెంటిన్. ఇందులో తూకాన సుమారు 70 పాళ్లు ఖనిజం, 20 పాళ్లు కొల్లాజెన్ ప్రధానమైన సేంద్రియ పదార్థం, 10 పాళ్లు నీరు. ఈ పొర నిండా వెంట్రుక కన్న సన్నని నాళికలు ఉంటాయి. చల్లని నీరు తగిలినప్పుడు పళ్లు జివ్వుమనడం ఈ నాళికల గుండానే జరుగుతుంది.

అన్నిటికన్న లోపల రక్తనాళాలు, నాడులు, కణజాలం నిండిన మెత్తని గుజ్జు ఉంటుంది. దీనినే పల్పు లేదా దంతమజ్జ అంటారు. పల్పు అంచున ఒడాంటోబ్లాస్టులు అనే కణాలు వరుసగా నిలబడి ఉంటాయి. డెంటిన్‌ను నిర్మించేవి ఇవే. పింగాణీ పొరను కట్టిన కణాల వలె ఇవి వెళ్లిపోవు. పన్ను జీవించి ఉన్నంత కాలం ఇవి తమ స్థానంలోనే ఉండి, మెల్లమెల్లగా డెంటిన్‌ను చేరుస్తూనే ఉంటాయి. వృద్ధుల పళ్లలో పల్పు గది ఇరుకుగా కనిపించడానికి ఇదే కారణం.

పాతర వేసిన ధాన్యం

పూర్వం మన రైతులు మంచి పంట పండిన ఏట కొంత ధాన్యాన్ని పాతర వేసేవారు. కరువు వచ్చినప్పుడు ఆ పాతర తీసేవారు. దంతంలోనూ అటువంటి ఏర్పాటే ఉన్నది. డెంటిన్‌ను నిర్మించే సమయంలోనే ఒడాంటోబ్లాస్టులు కొన్ని ప్రోటీన్లను అందులో కలిపి పెడతాయి. ఖనిజం గట్టిపడగానే అవి లోపల చిక్కుకొని ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. వీటినే ‘వృద్ధికారకాలు’ అంటున్నారు. ఇవి ఆహారమూ కాదు, ఔషధమూ కాదు. ఒక కణం మరొక కణానికి పంపే ఆజ్ఞలు. ‘విభజన చెందు’, ‘ఇక్కడికి రా’, ‘డెంటిన్ కట్టు’ అని ఇవి కణాలను ఆదేశిస్తాయి.

పన్ను పుచ్చినప్పుడు జరిగేది గమనించదగినది. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణీ పొరను దాటి డెంటిన్‌ను కరిగించడం మొదలుపెడుతుంది. డెంటిన్ కరిగే కొద్దీ అందులో పాతర వేసిన వృద్ధికారకాలు విడుదలై, నాళికల గుండా పల్పును చేరుకుంటాయి. శత్రువు కోటగోడను కూల్చినప్పుడు ఆ గోడలోని గంటలే మోగి లోపలివారిని లేపినట్లు ఉంటుంది ఈ వ్యవహారం.

ఈ కారకాలలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క పని. టి.జి.ఎఫ్.–బీటా అనేది ఒడాంటోబ్లాస్టులను ఉత్తేజపరచి కొత్త డెంటిన్‌ను కట్టిస్తుంది. వాపును అదుపు చేయడంలోనూ దీనికి పాత్ర ఉన్నది. బి.ఎం.పి. అనే వర్గం పల్పులోని మూలకణాలను డెంటిన్ కట్టే కణాలుగా మారుస్తుంది. ఎఫ్.జి.ఎఫ్. కణాల సంఖ్యను పెంచి, గాయం వైపుకు నడిపిస్తుంది. వి.ఇ.జి.ఎఫ్. కొత్త రక్తనాళాలను మొలిపిస్తుంది. ఇల్లు కట్టడానికి మేస్త్రీ, కూలీలు, నీటి సరఫరా అన్నీ కావలసినట్లే ఇవన్నీ తగిన సమయంలో, తగిన మోతాదులో కలిసి పనిచేయాలి.

గాయం స్వల్పమైతే బ్రతికి ఉన్న ఒడాంటోబ్లాస్టులే వేగం పెంచి, రంధ్రానికి ఎదురుగా లోపలి వైపున అడ్డుగోడ కడతాయి. గాయం తీవ్రమై అవి మరణిస్తే, పల్పులోని మూలకణాలు వాటి స్థానాన్ని ఆక్రమించి నిర్మాణం సాగిస్తాయి. పల్పులో ఇటువంటి మూలకణాలు ఉన్నాయని 2000లో నిరూపితమైంది. ఈ నిర్మాణం ఎంత మెల్లగా సాగుతుందో చూడండి: రోజుకు సుమారు ఒకటిన్నర మైక్రాన్లు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ లెక్కన ఒక్క మిల్లీమీటరు గోడ లేవడానికి రెండేళ్లకు దగ్గరగా పడుతుంది. పుచ్చు ఇంతకన్న వేగంగా లోపలికి చొచ్చుకొని వస్తే ఆ పందెంలో పన్నే ఓడిపోతుంది. కాబట్టి పుచ్చును అడ్డుకొని, పన్నుకు వ్యవధి కల్పించడమే చికిత్సలోని కీలకం.

ఎలుక పిల్లల పళ్లు చెప్పిన సంగతి

వృద్ధికారకాల చరిత్రలో దంతానికి మొదటి నుండీ స్థానం ఉండటం విశేషం. 1950 దశకంలో అమెరికాలో రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞులు నాడులను పెంచే కారకాన్ని అన్వేషిస్తూ చిట్టెలుక లాలాజల గ్రంథి సారాన్ని పరీక్షించారు. ఆ సారాన్ని అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కించగా, వాటి కళ్లు నియమిత కాలానికి ముందే తెరుచుకున్నాయి. ముందు పళ్లు కూడా ముందుగానే మొలిచాయి. ఇందుకు కారణమైన పదార్థాన్ని కోహెన్ వేరుచేసి 1962లో ప్రకటించాడు. దానికే తరువాత ఇ.జి.ఎఫ్. అని పేరు వచ్చింది. వృద్ధికారకాల ఆవిష్కరణకుగాను ఈ ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి లభించింది. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే వైద్యుడు, ఖనిజం తీసివేసిన ఎముక ముక్కను కండరంలో ఉంచితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని చూపాడు. ఎముకలో అటువంటి ఆజ్ఞ దాగి ఉన్నప్పుడు దాని బంధువైన డెంటిన్‌లో ఎందుకు ఉండకూడదన్న ఆలోచనతో పరిశోధనలు విస్తరించాయి.

శోధనం ముందు, రోపణం తరువాత

వ్రణచికిత్సలో మేము గురుకులంలో నేర్చిన తొలి పాఠం ఇది: దుష్టవ్రణాన్ని ముందు శోధించాలి, ఆ పిదపనే రోపణం చేయాలి. మలినం లోపల ఉండగా పైకి మాన్పితే ఆ పుండు లోలోపలే తినివేస్తుంది. దంతం విషయంలో ఈ సూత్రానికి ఎంతటి బలమున్నదో 1965లో కాకెహాషి అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు చేసిన ప్రయోగం తెలుపుతుంది.

వారు రెండు రకాల ఎలుకలను తీసుకున్నారు. ఒక వర్గం మామూలువి. రెండవ వర్గం ఏ సూక్ష్మజీవీ సోకకుండా పుట్టించి పెంచినవి. రెండింటి దవడ పళ్లకూ రంధ్రం చేసి, పల్పును తెరిచి వదిలివేశారు. మామూలు ఎలుకలలో పల్పు కుళ్లి నశించింది. సూక్ష్మజీవులు లేని ఎలుకలలో మాత్రం, ఆహారం ఆ రంధ్రంలో ఇరుక్కుంటున్నప్పటికీ, ఏ మందూ లేకుండానే మూడు, నాలుగు వారాలలో తెరచిన చోట డెంటిన్ వంతెన ఏర్పడింది. గాయం ఒక్కటే, పన్ను ఒక్కటే. భేదమంతా మలినంలోనే ఉన్నది. రోపణశక్తి పన్నులో సహజంగానే ఉన్నది, శోధనమే మన వంతు.

వృద్ధికారకాలు మన సంహితలలో ముందే ఉన్నాయని నేను చెప్పబోను. అవి ప్రయోగశాలలలో తేలిన విషయాలు. అయితే ముందు శుద్ధి, తరువాత పూరణ అనే క్రమాన్ని మన ఆచార్యులు గాయాలను నిశితంగా గమనించి స్థిరపరచారు. ఆ క్రమం నేటికీ చెక్కుచెదరలేదు.

సున్నం చేసిన మేలు

1920లో హెర్మన్ అనే జర్మన్ దంతవైద్యుడు కాల్షియం హైడ్రాక్సైడును దంతచికిత్సలో ప్రవేశపెట్టాడు. ఇది రసాయన దృష్టితో చూస్తే శుద్ధి చేసిన తడిసున్నమే. తెరుచుకున్న పల్పుపై దీనిని పలుచగా ఉంచితే సూక్ష్మజీవులు నశిస్తాయి; డెంటిన్‌లో దాగిన వృద్ధికారకాలు కొంత విడుదలవుతాయి; కింద కొత్త గోడ లేస్తుంది. 1990 దశకం తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం ఎం.టి.ఏ. అనే దంత సిమెంటును రూపొందించింది. ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది సమీప బంధువు. రంధ్రాన్ని గట్టిగా మూసివేయడంలో ఇది సున్నం కన్న మేలైనది.

ఇది చదివి తాంబూలపు డబ్బాలోని సున్నాన్ని పంటిలో పెట్టుకోవద్దని గట్టిగా హెచ్చరిస్తున్నాను. అది చిగురును, నాలుకను కాలుస్తుంది. వైద్యుడు పుచ్చును శుభ్రపరచి, రక్తస్రావాన్ని ఆపి, లాలాజలం సోకకుండా ఉంచి, మందు వేసి, పైన ముద్ర వేసినట్లు మూసివేస్తాడు. ఆ నియమాలు లేని సున్నం విషంతో సమానం.

ఇప్పుడు దంతవైద్యులు లోతైన పుచ్చును పల్పు దాకా పూర్తిగా తవ్వకుండా, పల్పుకు అతి సమీపంలో ఉన్న కొద్దిపాటి మెత్తని పొరను వదిలి, అంచులను శుభ్రపరచి గట్టిగా మూసివేసే పద్ధతిని కూడా అనుసరిస్తున్నారు. ఆహారం అందక లోపలి సూక్ష్మజీవులు క్షీణిస్తాయి. వృద్ధికారకాల సహాయంతో పన్ను తన గోడను తాను కట్టుకుంటుంది. “వైద్యుడు పుచ్చంతా తీయలేదు” అని అనుమానించవలసిన పని లేదు.

నిమిత్తమున్న నొప్పి – నిమిత్తం లేని నొప్పి

పన్ను కోలుకొనే స్థితిలో ఉన్నదా, దాటిపోయిందా అన్నది ఇంట్లో ఎట్లా గుర్తించాలి? సుశ్రుతాచార్యులు కృమిదంత లక్షణాలను చెబుతూ నల్లదనం, రంధ్రం, కదలిక, స్రావం, వాపు, తీవ్రవేదనలతో పాటు ‘అనిమిత్త రుజ’ను, అనగా కారణం లేకుండానే పుట్టే నొప్పిని పేర్కొన్నారు. దంతహర్షమనే వేరొక వ్యాధిలో చలి మొదలైన స్పర్శలను దంతం సహించలేదని చెప్పారు. ఈ భేదం నేటికీ మనకు దారి చూపుతుంది.

చల్లనిదో, తియ్యనిదో తగిలినప్పుడు మాత్రమే పన్ను జివ్వుమని, అది తొలగిన కొద్ది క్షణాలకే నొప్పి తగ్గిపోతే పల్పు సాధారణంగా జీవించే ఉంటుంది. ఇది నిమిత్తమున్న నొప్పి. పన్నును పూర్తిగా కాపాడుకోవడానికి ఇదే శుభసమయం. ఆ వారంలోనే దంతవైద్యుని దర్శించాలి.

ఏమీ తినకుండానే నొప్పి లేచినా, రాత్రి పడుకోగానే పోటు ఎక్కువైనా, వేడి తగిలిన తరువాత చాలాసేపు సలుపుతున్నా అది అనిమిత్త రుజ. పల్పు నలువైపులా గట్టి గోడల మధ్య బందీ. వాపు వస్తే వ్యాపించడానికి చోటు లేక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఈ దశలోనూ కొన్ని పళ్లలో పల్పు పైభాగాన్ని మాత్రమే తొలగించి, మిగిలినదానిని కాపాడగలుగుతున్నారు. అది వీలుపడకపోతే వేరు చికిత్స అవసరమవుతుంది. ఒక్కరోజు కూడా జాగు చేయరాదు.

మూడవ స్థితి అత్యంత మోసకరమైనది. వారం రోజులు వేధించిన నొప్పి ఒక ఉదయాన హఠాత్తుగా మాయమవుతుంది. “లవంగం పని చేసింది” అని ఇంట్లో అందరూ సంతోషిస్తారు. చాలాసార్లు జరిగేది వేరు. నొప్పిని తెలిపే నాడి పల్పుతో సహా మరణించింది. ఇక ఆ పన్నుకు రోపణశక్తి లేదు. కొంతకాలానికి వేరు కొసన చీము చేరుతుంది.

ఆరేళ్ల దవడ పన్ను

తల్లిదండ్రులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా చదవాలి. పిల్లలకు సుమారు ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కనుక దీనిని కూడా పాలపన్నే అనుకొని, పుచ్చినా పట్టించుకోరు. ఇది జీవితాంతం ఉండవలసిన పన్ను. పైకి వచ్చేనాటికి దీని వేరు ఇంకా పూర్తి కాదు. పూర్తి కావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఆ వేరును కట్టేది కూడా పల్పే. ఏడేళ్ల పిల్లవాని పల్పు చనిపోతే వేరు అర్ధంతరంగా ఆగిపోయి, పన్ను గోడలు పలుచగా, బలహీనంగా మిగిలిపోతాయి.

ఇందులో శుభవార్త కూడా ఉన్నది. వేరు కొస తెరచి ఉండటం వలన పిల్లల పల్పుకు రక్తప్రసారం సమృద్ధిగా ఉంటుంది. కోలుకొనే శక్తి అధికం. ఆటలలో ముందు పన్ను విరిగి లోపలి ఎర్రని చుక్క కనిపించిన పిల్లలకు, పై 2 మిల్లీమీటర్ల పల్పును మాత్రమే తొలగించి కాల్షియం హైడ్రాక్సైడు వేసే పద్ధతిని స్వీడన్‌లో ట్స్వెక్ అనే దంతవైద్యుడు 1978లో వెల్లడించాడు. అట్లా చికిత్స చేసిన పళ్లలో అత్యధిక భాగం బ్రతికాయి. కాబట్టి బిడ్డ పన్ను విరిగితే ముక్కను పాలలో గాని నీటిలో గాని వేసి, అదే రోజు దంతవైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఇంట్లో చేయదగినవి

1. ఉప్పునీరు: గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి భోజనానంతరం పుక్కిలించాలి.

2. త్రిఫలా కషాయం: చెంచాడు త్రిఫల చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలే వరకు కాచి వడగట్టి, చల్లారాక పుక్కిలించాలి. చిగుళ్లకు మేలు చేస్తుంది.

3. నువ్వుల నూనె గండూషం: ఉదయం ఒక చెంచా నూనెను నోటిలో ఉంచుకొని, కొంతసేపటికి ఉమ్మివేయాలి. మింగరాదు. చిన్నపిల్లల చేత చేయించరాదు.

4. దంతధావనం: చరకాచార్యులు రోజుకు రెండు పూటలా చెప్పారు. రాత్రి పూటదే మనం మరచినది. వేప, కానుగ పుల్లలు శ్రేష్ఠమైనవే. కొసను మెత్తగా నమిలి, చిగుళ్లు గీసుకుపోకుండా తోమాలి.

5. తీపి తినడంలో పరిమాణం కన్న పర్యాయాలే ముఖ్యం. గంటకొకసారి చాక్లెట్టు చప్పరించే బిడ్డ నోటిలో ఆమ్లం ఆరనే ఆరదు.

6. మధుమేహం ఉన్నవారికి పల్పు కోలుకోవడం మందగిస్తుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకోవడం కూడా దంతచికిత్సలో భాగమే.

చేయరానివి

లవంగం నొప్పిని మొద్దుబార్చుతుంది. వైద్యుని చేరేలోగా దూదిపై ఒక చుక్క లవంగ నూనె ఉంచుకోవచ్చు. కాని తెరుచుకున్న పల్పుపై నేరుగా పోస్తే అందులోని కణాలే దెబ్బతింటాయి. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాలాయని చూపడం భ్రమ. పన్ను పుచ్చడానికి పురుగులు కారణం కావు. పొగాకు, గుట్కా నొప్పి మాట అటుంచి నోటి పుట్టకురుపుకు దారితీస్తాయి.

జిల్లేడు పాల విషయం వివరంగా చెప్పాలి. వాగ్భటుని అష్టాంగహృదయంలో కృమిదంతశూలకు జిల్లేడు పాలతో పూరణం ఉన్నమాట నిజమే. అయితే అది నొప్పిని, క్రిమిని అణచడానికి ఉద్దేశించిన తీక్ష్ణచికిత్స. జిల్లేడు పాలు చిగురును కాలుస్తాయి, కంటిలో పడితే చూపుకే ముప్పు. పల్పును బ్రతికించే మార్గాలు లభించిన నేడు దానిని ఇంట్లో ప్రయోగించడం శాస్త్రాన్ని గౌరవించడం అనిపించుకోదు. దేశకాలాలను, యుక్తిని అనుసరించి చికిత్స చేయమన్నది కూడా ఆ శాస్త్రమే.

దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఇంటి వైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాచిన దవడపై వేడి కాపడం పెట్టరాదు.

రేపటి చికిత్స

వృద్ధికారకాలనే మందుగా వేయవచ్చునా అన్న ప్రయత్నాలు మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్నాయి. బి.ఎం.పి.లను తెరచిన పల్పుపై ఉంచితే జంతువులలో డెంటిన్ ఏర్పడింది. 2017లో లండన్ కింగ్స్ కళాశాలలో పాల్ షార్ప్ బృందం టైడెగ్లుసిబ్ అనే మందును కొల్లాజెన్ స్పాంజిలో ఉంచి, చిట్టెలుకల పళ్లలో సహజ డెంటిన్‌ను పెంచింది. జపాన్, చైనాలలో మూలకణాలతో పల్పును తిరిగి పెంచే ప్రయత్నాలు మనుషులలోనూ జరిగాయి. అయినా సీసాలో నింపిన వృద్ధికారకం పుచ్చుపళ్లకు ఇంకా నిత్య చికిత్సగా రాలేదు. ఇవి శరీరంలో త్వరగా విచ్ఛిన్నమవుతాయి, ఖరీదైనవి. మోతాదు మించితే పల్పు గదంతా గట్టిపడిపోయే ప్రమాదమూ ఉన్నది. వృద్ధి అనేది హద్దులో ఉన్నంత వరకే వరం.

కనుక ‘పన్నును తిరిగి మొలిపిస్తాము’ అనే ప్రకటనలకు సొమ్ము ధారపోయవద్దు. పన్నులో ప్రకృతి ముందే పాతర వేసిన కారకాలు ఉన్నాయి. చలికి జివ్వుమన్న తొలినాడే పుచ్చును శుభ్రపరచి మూయించుకుంటే అవి తమ పని తాము చేసుకొనిపోతాయి. ఈ రాత్రి భోజనమయ్యాక మీ పిల్లలను వెలుతురులో నోరు తెరవమని, చిట్టచివరి దవడ పన్ను పైభాగాన నల్లని గీతగాని, చిన్న గుంటగాని ఉన్నదేమో చూడండి. ఉంటే రేపే దంతవైద్యునికి చూపించండి.